లెక్కకు రాని కూతుళ్లు

సరోజినీ నగర్ పేరు చెబితే ఢిల్లీవాసులకు చవక దుస్తుల మార్కెట్, కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు గుర్తొస్తాయి. అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఎయిమ్స్, దాని ఎదురుగా సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి ఉన్నాయి. జబ్బుపడ్డ పిల్లలను భుజాన వేసుకుని ఉత్తరాది రాష్ట్రాల నుంచి రైళ్లలో దిగే కుటుంబాలకు ఈ ప్రాంతమంటే చివరి ఆశ.

2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం 0-14 ఏళ్ల పిల్లల్లో క్యాన్సర్ రేటు ఢిల్లీలోనే అత్యధికం. ఏటా పది లక్షల మంది బాలురలో సుమారు 203 మందికి, బాలికల్లో 125 మందికి ఈ జబ్బు బయటపడుతోంది. నిర్ధారణ సదుపాయాలు మెరుగ్గా ఉండటమూ ఇందుకు ఒక కారణం కావచ్చు.

పెద్దల క్యాన్సర్లలో పొగాకు, మద్యం పాత్ర పెద్దది. పిల్లలది వేరే దారి. వారిలో రక్త క్యాన్సర్ (ల్యుకేమియా)దే అగ్రస్థానం. అందులో ప్రధాన రకం రెండు నుంచి అయిదేళ్ల ప్రాయంలో ఎక్కువ. కంటిపాప తెల్లగా మెరిసే రెటినోబ్లాస్టోమా అయిదేళ్లలోపు వారికే ఎక్కువగా వస్తుంది. కౌమారంలో లింఫోమాలు, ఎముకల ట్యూమర్లు పెరుగుతాయి.

జీవ కారణాల వల్ల చాలా దేశాల్లో బాలుర సంఖ్య కొంత ఎక్కువే. కానీ ఆ ఒక్కటే కారణం కాదని ఎయిమ్స్ వైద్యుల నేతృత్వంలో సాగి, లాన్సెట్ ఆంకాలజీలో వెలువడిన అధ్యయనం తేల్చింది. చెన్నై కన్నా ఢిల్లీలో ఈ తేడా ఎక్కువ. ఆస్పత్రి దూరమయ్యేకొద్దీ, వైద్యం ఖరీదయ్యేకొద్దీ చికిత్సకు వచ్చే అమ్మాయిలు తగ్గిపోతున్నారు.

మందులు లేక కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ ప్రయోగశాల అందించిన అమినోప్టెరిన్‌తోనే 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాను తొలిసారి తాత్కాలికంగా లొంగదీశారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్, మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ నేటికీ చికిత్సకు ఆయువుపట్టు. సంపన్న దేశాల్లో క్యాన్సర్ సోకిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేద దేశాల్లో ఇది 30 శాతం లోపే.

ల్యుకేమియా చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. ఆస్పత్రి బిల్లు ప్రభుత్వ పథకం భరించినా బస, ప్రయాణం, పోయిన కూలి ఎవరు భరిస్తారు? చాలా ఇళ్లలో కూతురి వైద్యం ఆగిపోతున్నది ఈ లెక్క దగ్గరే. తగ్గని జ్వరం, పాలిపోయిన ఒళ్లు, కారణం లేని కమిలిన మచ్చలు, మెడలో గడ్డలు. కొడుక్కైనా కూతురికైనా హెచ్చరికలు ఇవే. తీసుకెళ్లాల్సిన తొందరా ఒకటే.