అరవై రెండున్నర గడియల దినం

మన పంచాంగకర్తలు అహోరాత్రానికి 60 గడియలు కట్టారు. గడియ అంటే 24 నిమిషాలు. రాజైనా, కూలివాడైనా ఈ అరవైని అరవైయొకటి చేసుకోలేడని లోకానికి గట్టి నమ్మకం. అయితే ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవు నుండి న్యూయార్కుకు పోయే 'క్వీన్ మేరీ 2' అనే మహానౌక ఎక్కినవారికి, నడిసముద్రంలో ఐదు దినాలపాటు 62½ గడియల చొప్పున లభిస్తాయి. అనగా దినానికి 25 గంటలు. ఇందులో మాయ లేదు, ఉన్నదంతా గణితమే.

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు. సౌతాంప్టనుకూ న్యూయార్కుకూ నడుమ రేఖాంశభేదం 72 డిగ్రీలకు పైమాట. సూర్యుని లెక్కన అది ఐదు గంటలకు పది నిమిషాలు తక్కువ. గడియారాల లెక్కన నిండుగా ఐదు గంటలు. విమానంలో పోయేవాడు ఈ ఐదింటినీ ఒక్క గుక్కలో మింగి, ఆ అజీర్తితో రెండు మూడు దినాలు వేళ గాని వేళ మేలుకొని కూర్చుంటాడు. ఓడలో అవి దినానికొక గంట చొప్పున, వైద్యుడు పథ్యం పెట్టినట్లు అందుతాయి. రాత్రి పడుకోబోయే ముందు గడియారం ముల్లును ఒక గంట వెనుకకు తిప్పుకోవడమే ప్రయాణికుడు చేయవలసిన పని. తిరుగు ప్రయాణంలో మాత్రం ఈ అప్పు తీర్చక తప్పదు. తూర్పుగా వచ్చే ఓడలో 23 గంటల దినాలే ఎదురవుతాయి.

ఈ లెక్క తెలియక పూర్వం దిగ్భ్రమ చెందినవారున్నారు. మజెల్లన్ వెంట బయలుదేరిన ఓడలలో భూమిని చుట్టి రాగలిగినది 'విక్టోరియా' ఒక్కటే. అది 1522 జులైలో కేప్ వర్ద్ దీవులు చేరినప్పుడు ఓడలోనివారికి బుధవారం, ఒడ్డునున్నవారికి గురువారం! దినచర్య వ్రాసిన పిగఫెట్టా ఒక్కనాడైనా తేదీ తప్పినవాడు కాడు. మరి ఆ దినం ఎక్కడ జారిపోయినది? పడమటికి పోతూ సూర్యుని వెంబడించడంవల్ల వారి ప్రతిదినమూ రవ్వంత సాగినది. మూడేళ్ళకు ఆ రవ్వలన్నీ కలిసి ఒక దినమైనవి. జూల్ వెర్న్ నవలలో 80 దినాలలో భూమిని చుట్టివచ్చే కథానాయకుడు, తూర్పుగా పోయినందువల్ల ఒక దినం లాభపడి పందెం గెలవడానికీ ఇదే ఆధారం. రేఖాంశాల పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె చక్కని కథ దొరకడం కష్టం.

ఇంతకూ, ఇట్లు దొరికిన గంటతో ఓడలోనివారు ఏమి చేస్తారు? ఏమీ చేయకుండా ఉండడానికే వారు ఓడ ఎక్కినది. వెనుకటి 'క్వీన్ మేరీ' 1938లో అట్లాంటిక్‌ను నాలుగు దినాలకు లోపుననే దాటి, అతివేగ నౌక అన్న కీర్తి గడించినది. 1958లో జెట్ విమానాలు ఆ దారి పట్టిన పిమ్మట ఓడల వేగానికి విలువ పోయినది. 2004లో తొలియాత్ర చేసిన ఈ కొత్త నౌక మొదట ఆరు రాత్రులలో ఆవలి ఒడ్డు చేరేది. తరువాత సాధారణంగా ఏడు రాత్రులు తీసుకుంటున్నది. గంటకు 30 నాటికల్ మైళ్ళ వరకు పోగల ఓడ, బుద్ధిపూర్వకంగా మెల్లగా పోతున్నది. తాతలు డబ్బిచ్చి కాలాన్ని మిగుల్చుకున్నారు. మనుమలు అదే డబ్బిచ్చి కాలాన్ని కొనుక్కుంటున్నారు.

ఓడ పొడవు 345 మీటర్లు. సుమారు 2,600 మంది ప్రయాణికులు, 1,200 మందికి పైగా సిబ్బంది. ఉదయం డెక్కుమీద మూడు చుట్లు తిరిగితే మైలు దాటుతుంది. అటుపిమ్మట గ్రంథాలయం. మధ్యాహ్నం 12 గంటలకు ఓడ ఎక్కడ ఉన్నదీ, గాలి ఎట్లున్నదీ, అడుగున సముద్రం ఎంత లోతున్నదీ అందరికీ వినిపిస్తారు. మూడున్నరకు తెల్లని చేతితొడుగులు వేసుకున్న పరిచారకులు తేనీరు తెస్తారు. చుట్టూ నీరు. నీటికి 30 మీటర్ల ఎత్తున నిలిచి చూస్తే దిగంతం సుమారు 20 కిలోమీటర్లు. ఎంత దూరం పోయినా ఓడ ఆ వలయానికి నట్టనడుమనే నిలిచినట్లు తోస్తుంది.

ఆ తెల్లని తొడుగులు ఉతికేవారు అడుగు అంతస్తులలో ఉంటారు. రొట్టెలు కాల్చేవారు, యంత్రాలు చూసేవారు, సముద్రపు నీటిని ఆవిరిగా మార్చి మంచినీరు తీసేవారు, అదంతా వేరొక ఊరు. నెలల తరబడి సాగే వారి కొలువులో సాధారణంగా వారపు సెలవన్నది ఉండదు. 2006లో కుదిరి 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నావిక శ్రామిక ఒడంబడిక వారికొక హద్దు గీసినది. విశ్రాంతి నియమాన్ని అనుసరించే ఓడలలో అది ఏ 24 గంటలలోనైనా పదికి, ఏడు దినాలలో 77 గంటలకు తగ్గరాదు. వారానికి 168 గంటలు కదా. 77 పోగా మిగిలినవి 91. రక్షణగా వ్రాసుకున్న మాట ఇది! ఇందులో మరొక విశేషం. ఓడ గడియారం ఎన్ని గంటలు చూపినా, ఒడంబడిక కొలిచేది 24 గంటలనే. మీద ఉన్నవారికి దినం సాగినది గాని, కింద ఉన్నవారి కొలబద్ద సాగలేదు.

రాత్రి కావలి సంగతి ఇంకా చిత్రం. మన జాము మూడు గంటలు; ఓడ జాము నాలుగు. అర్ధరాత్రి మొదలు నాలుగు వరకు ఒక జట్టు చీకటిలో కన్నార్పక నిలవాలి. ఆ జట్టు కొలువులో ఉండగా, రెండు గంటలకు ముల్లును ఒంటిగంటకు తిప్పితే, నాలుగు గంటల కావలి ఐదవుతుంది. ఈ బరువు ఒక్కరిమీదనే పడకూడదని నావికులు పూర్వం నుండి ఒక ఉపాయం పాటిస్తున్నారు. గంటను మూడు ముక్కలు చేసి, జట్టుకు 20 నిమిషాల చొప్పున పంచుకుంటారు. అన్నదమ్ముల పంపకంలో కూడ ఇంత న్యాయం అరుదు. అట్లు పంచుకోని ఓడలో, కిందిగదులలో నిద్రపోయేవారికి గంటసేపు అదనపు నిద్ర. ఓడను నడిపే గదిలో నిలిచినవానికి గంటసేపు అదనపు కావలి.

న్యూఫౌండ్‌లాండ్ దాపున పొగమంచు దట్టంగా పట్టే చోటు ఒకటి ఉన్నది. అక్కడ రెండు చూపవలసిన గడియారం మరల ఒకటి చూపుతుంది. కావలివాడు కళ్ళు నులుముకొని, గడిచిపోయిన గంటను మొదటినుండి ఆరంభిస్తాడు.