మూలనున్న కుట్టు మిషనుకు మళ్ళీ పని

మీ ఇంట్లో కుట్టు మిషను ఉన్నదా? ఉంటే, ఈ నెలలో అది ఎన్ని గంటలు నడిచింది? చాలా ఇళ్ళలో ఈ ప్రశ్నకు చిరునవ్వే జవాబు. పెళ్ళినాడు పుట్టింటివారు పెట్టినదో, ఏదో ఒక పథకం కింద వచ్చినదో, ఒక మిషను గది మూల దుప్పటి కప్పుకొని ఉంటుంది. దాని బల్ల మీద మడతపెట్టిన బట్టలు, పిల్లల పుస్తకాలు చేరి ఉంటాయి. రుణంతో కొన్న ఆస్తుల తనిఖీకి గ్రామాలు తిరిగే మావంటి క్షేత్రాధికారులకు ఇది తరచు ఎదురయ్యే దృశ్యం. పాడి గేదె వట్టిపోతే రైతు ఊరుకోడు. మిషను వట్టిపోతే మాత్రం ఎవరికీ పట్టదు. అది మేత అడగదు కదా!

కుట్టుపని మళ్ళీ మొదలుపెట్టాలని చాలామంది గృహిణులకు ఉంటుంది. అందుకోసం కొత్త మిషనుకు రుణం ఎలా పొందాలని అడుగుతారు. నా మనవి ఒక్కటే: ముందు ఉన్న మిషనును నడపండి, తరువాత బ్యాంకుకు రండి.

యంత్రం మనకు కొత్త కాదు

యంత్రాల మోజును విమర్శించిన గాంధీజీ సైతం 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషనును ప్రత్యేకంగా మినహాయించారు. మనిషి శ్రమను తేలిక చేస్తూ, మనిషిని పనికి దూరం చేయని యంత్రంగా ఆయన దానిని చూశారు. 1930లలో కలకత్తాలోని జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్ల తయారీ చేపట్టడంతో అది మధ్యతరగతి ఇళ్ళకు చేరువైంది. 1979లో ఆరంభమైన ట్రైసెమ్, 1982లో ఆరంభమైన డ్వాక్రా పథకాలు గ్రామీణ యువతకు, మహిళలకు శిక్షణను, ఉపాధిని అందించాయి. 1999లో ఈ రెండూ స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో విలీనమయ్యాయి. పథకాల పేర్లు మారినా, మిషన్లు ఇళ్ళలోనే ఉండిపోయాయి.

ఏది కుడితే లాభం?

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. చొక్కాలు, పిల్లల గౌన్లు కుట్టి రెడీమేడు దుకాణంతో పోటీపడటం కష్టం. వేల సంఖ్యలో ఒకే కొలతతో కత్తిరించే కర్మాగారపు ధరకు ఇంటి కుట్టు అందదు.

అయితే రవిక సంగతి వేరు. అది ఒక్కొక్కరి శరీరానికి ఒక్కొక్క తీరున అమరాలి. అందుకే చాలాచోట్ల రవిక గుడ్డ వెలకన్న కుట్టుకూలి ఎక్కువగా ఉంటుంది. చీరకు ఫాల్ వేయడం, లంగాలు, దిండు గలీబులు, బడిపిల్లల దుస్తులకు చేసే సవరణలు, చిరుగులు, పాత చీరల బొంతలు – ఇవన్నీ ఇంటి మిషనుకు తగిన పనులు. వీటికోసం మీ కుటుంబం ఏడాదికి ఎంత చెల్లిస్తున్నదో ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ఆ మొత్తమే మీ మిషనుకు తొలి ఆదాయం.

యంత్రాన్ని సిద్ధం చేయడం

చాలాకాలం ఆగిన మిషను బరువుగా తిరిగితే చెడిపోయిందని అనుకోనక్కరలేదు. పాత నూనె గడ్డకట్టి ఉండవచ్చు. కొందరు కొబ్బరినూనె, వేరుశనగనూనె వేస్తారు, అది తగదు. ఇటువంటి వంటనూనెలు గాలి తగిలి క్రమంగా జిగురుగా మారుతాయి. మిషను నూనె ఖనిజ తైలం కనుక ఆ విధంగా జిగురెక్కదు.

సూది కింది పలకను విప్పి, పళ్ళ మధ్య, బాబిన్ కేసు చుట్టూ పేరుకున్న దూదిపీచును కుంచెతో తీయండి. గడ్డకట్టిన చోట్ల రెండు మూడు చుక్కల కిరోసిన్ వేసి, కొంతసేపు చక్రం తిప్పి, గుడ్డతో తుడవండి. ఈ పని పొయ్యికి దూరంగా చేయాలి. ఆపై నూనె రంధ్రాలన్నింటిలో చుక్క చొప్పున మిషను నూనె వేసి, పనికిరాని గుడ్డ మీద కాసేపు కుట్టండి. అప్పుడు మంచి గుడ్డకు మరక అంటదు. తోలు బెల్టు సాగి జారుతుంటే కొద్దిగా కత్తిరించి తిరిగి బిగించాలి.

పాత సూదిని తీసివేయండి. పలుచని గుడ్డకు 11, మామూలు నూలు గుడ్డకు 14, మందపు గుడ్డకు 16 నంబరు సూదులు సరిపోతాయి. కుట్టు పైభాగాన కింది దారం ముడులు కనిపిస్తే పై దారం బిగువు ఎక్కువైనట్లు. అడుగుభాగాన ఉచ్చులు పడుతుంటే పై దారం వదులైనట్లు గ్రహించాలి.

చేతిని సిద్ధం చేయడం

యంత్రం కదిలినంత మాత్రాన చేతికి పాత వాటం రాదు. దారం ఎక్కించకుండా, గీతల నోటుపుస్తకపు కాగితాన్ని సూది కింద పెట్టి గీత వెంబడి తొక్కండి. రంధ్రాలు గీత మీదనే పడేవరకు ఈ అభ్యాసం సాగాలి. చక్రాన్ని మీ వైపుకు తిప్పుతూ మొదలుపెట్టండి. వెనుకకు తిరిగితే దారం తెగుతుంది.

మొదట దిండు గలీబు, పిమ్మట లంగా, చివరకు రవిక – ఈ వరుస మేలు. చంక, చేయి, టక్కులు కుదరవలసిన రవికతో ఆరంభించి, గుడ్డ పాడై, నిరాశతో మానివేసినవారు అనేకులు. నూలు గుడ్డను తడిపి ఆరబెట్టాకే కత్తిరించాలి. నేతలో సాగిన పోగులు నీరు తగిలినప్పుడు కుదించుకుంటాయి కనుక, ముందే తడపకపోతే మొదటి ఉతుకుకే రవిక బిగుతవుతుంది. ఎదిగే పిల్లల దుస్తులలో అంగుళం గుడ్డ లోపలికి మడిచి ఉంచితే మరుసటి ఏడు విప్పుకోవచ్చు.

లెక్కల పుస్తకం

ఒక చిన్న పుస్తకంలో రెండు గళ్ళు గీయండి. ఒకదానిలో ఇంటికోసం కుట్టినవి, బయట కుట్టిస్తే అయ్యే కూలి. రెండవదానిలో ఇరుగుపొరుగువారికి కుట్టినవి, వచ్చిన సొమ్ము రాయండి. దారం, హుక్కులు, లైనింగు గుడ్డ, నూనె ఖర్చు తప్పక తీసివేయండి. ఆరు మాసాల తరువాత ఆ పుస్తకమే మీకు దారి చూపుతుంది.

ఉదాహరణకు, 20,000 రూపాయల రుణాన్ని 12 శాతం వడ్డీకి 24 నెలల గడువుతో తీసుకున్నారనుకుందాం. నెలకు సుమారు 940 రూపాయల వాయిదా కట్టాలి. ఖర్చులు పోను ఒక్కొక్క రవికకు 80 రూపాయలు మిగిలితే, నెలకు 12 రవికలు కేవలం వాయిదాకే సరిపోతాయి. పదమూడవ రవిక నుండి వచ్చేదే మీది. పండుగల నెలలో ముప్పై రవికలు వచ్చినా, ఆషాఢంలో ఎన్ని వస్తాయో మీ పుస్తకం చెప్పాలి. ఆ లెక్క లేకుండా తీసుకున్న అప్పు మిషనుతో పాటు మూల చేరుతుంది. వాయిదా మాత్రం మూల చేరదు.

రుణం ఎప్పుడు, ఎక్కడ?

పని పెరిగి, ఉన్న మిషను చాలనప్పుడు అప్పు న్యాయమైన అవసరం. చిన్న మొత్తానికి మీ పొదుపు సంఘం అంతర్గత రుణమే సులువు. 2015లో ప్రారంభమైన ముద్రా పథకపు శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు హామీ ఆస్తి లేకుండా రుణానికి దరఖాస్తు చేయవచ్చు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. అర్హులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం, 5 శాతం వడ్డీకి తొలివిడత లక్ష రూపాయల వరకు రుణం అందులో ఉన్నవి. కుటుంబానికి ఒక్కరే అర్హులు. శిక్షణ కావలసినవారు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలను సంప్రదించవచ్చు. నియమాలు మారుతుంటాయి గనుక దరఖాస్తుకు ముందు మీ శాఖలో విచారించండి.

అక్కడికి వెళ్ళేటప్పుడు లెక్కల పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. ఆరు నెలలపాటు మీరు రాసిన అంకెలను చూసిన అధికారికి మీ పని గురించి వేరే చెప్పనక్కరలేదు. మీ చేతికి పని ఉన్నదని, ఆ పనికి గిరాకీ ఉన్నదని అవే చెబుతాయి. ఈ ఆదివారమే దుప్పటి తీసి, మిషనుకు నూనె వేయండి.