గిల్రే సూదిమొన

1792 డిసెంబరులో లండనులో ఒక ముద్రాచిత్రం వెలువడినది. ఒకే రేకు మీద ఇద్దరు మనుష్యులు. ఎడమవైపున ఫ్రెంచివాడు, చింపిరి గుడ్డలు, పెరిగిన గోళ్ళు, చిక్కి శల్యమైన దేహం. పచ్చి ఉల్లికాడలు నములుతూ, పన్నుల పీడ విరగడైనదనీ, స్వేచ్ఛ వచ్చి దేశమంతటా పాలూ తేనే పారుతున్నవనీ పొంగిపోతున్నాడు. కుడివైపున ఆంగ్లేయుడు, బానపొట్ట, ఎదుట పెద్ద మాంసఖండం. దానిని కోసుకుంటూనే, ప్రభుత్వం పన్నులు వేసి తమను ఆకలితో చంపుతున్నదని వాపోతున్నాడు. ‘ఫ్రెంచి స్వేచ్ఛ, బ్రిటిషు దాస్యం’ అని దానికి పేరు. గీచినవాడు జేమ్స్ గిల్రే (1756–1815).

అప్పటికింకా ఆ రెండు దేశాలకూ యుద్ధం రాలేదు. వైరం మాత్రం ముదిరినది. శత్రువు మాటకూ బ్రతుకుకూ గల దూరాన్ని చూపుటకే ఆ బొమ్మ పుట్టినది. అయినను అందలి ఆంగ్లేయుని చూచి ఏ ఆంగ్లేయుడు గర్వించగలడు? గిల్రే గొప్పతనమంతా ఆ కుడివైపు బొమ్మలోనే ఉన్నది.

అతడు ఎల్లప్పుడూ ఇంత న్యాయంగా ఉన్నాడని కాదు. ఆ సెప్టెంబరులోనే పారిస్ చెరసాలలలో జరిగిన హత్యాకాండ వార్త రాగానే, విప్లవకారుల కుటుంబమొకటి నరమాంసంతో విందారగిస్తున్నట్లు గీచినాడు. అది వ్యంగ్యం కాదు, అపనింద. 1793 జనవరి 21న పదునారవ లూయీ శిరచ్ఛేదం జరిగినది. ఫిబ్రవరి 1న ఫ్రాన్సు యుద్ధం ప్రకటించినది. 12వ తేదీ నాటికే మరొక బొమ్మ సిద్ధం. వీధిదీపపు కొయ్య మీద కూర్చుండి ఒకడు ఫిడేలు వాయిస్తున్నాడు. వాని క్రింద ఉరితీయబడిన మతాచార్యులు, గిలెటిన్, మంటలలో దేవాలయం. ‘ఫ్రెంచి వైభవ శిఖరం’ అని శీర్షిక. ఇందులో కల్పన తక్కువ; కనుకనే దెబ్బ గట్టిది.

ఈ వేగానికి కారణం పనిముట్టే. రాగిరేకుకు మైనపు పూత పూసి, సూదితో గీచి, ద్రావకంలో ముంచితే గీతలున్నచోట లోహం తినివేయబడుతుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద ఒత్తుతారు. అచ్చులో సరిగా రావలెనంటే అక్షరాలన్నీ రేకు మీద తలక్రిందుగా కాక, కుడి యెడమలు తారుమారుగా వ్రాయవలె. పిమ్మట చేతితో రంగులద్దుతారు. హన్నా హంఫ్రీ అనే ఆమె అంగడిలో ఇవి అమ్ముడుపోయేవి. కొనలేనివారు కిటికీ ముందు గుమిగూడి చూచేవారు.

అవతలి ఒడ్డున ఊరక కూర్చున్నారా? 1793లో ఫ్రెంచి ప్రజారక్షణ సమితి చిత్రకారుడు దావీదును పిలిచి, శత్రువును హేళన చేసే బొమ్మలు గీయమన్నది. అతడు ఆంగ్లరాజు సేనను కూజాల సేనగా చిత్రించినాడు. ఫ్రెంచి భాషలో కూజా అనే మాటకు మూఢుడనే అర్థం కూడా కలదు.

గిల్రే స్వదేశీయులను విడిచిపెట్టలేదనుటకు మన దేశపు సాక్ష్యమే ఉన్నది. 1791లో శ్రీరంగపట్నం నుండి కారన్‌వాలిసు వెనుదిరిగినప్పుడు, అతడు గాడిదనెక్కి పారిపోతుండగా టిప్పు సుల్తాను అవమానిస్తున్నట్లు గీచినాడు. కాని 1797 నుండి ప్రభుత్వం అతనికి రహస్యంగా వార్షిక భృతి ముట్టజెప్పినది. మరుసటి ఏట సర్ జాన్ డాల్రింపుల్ కోరికపై, ఫ్రెంచివారు దండెత్తి వస్తే ఏమగునో చూపే వరుసబొమ్మలు చేసినాడు. స్వేచ్ఛనిచ్చుటకు వచ్చితిమంటూనే వారు పార్లమెంటు సభ్యులకు సంకెళ్ళు వేస్తున్నారు. వస్తువు దొడ్డదే, చేవ మాత్రం లేదు. నాలుగు రేకులతో ఆ పని ఆగిపోయినది. అడిగి చేయించుకున్న కోపం అంతకంటె ఎట్లుండును?

1805 జనవరిలో నెపోలియన్ శాంతి కోరుతూ ఆంగ్లరాజుకు లేఖ పంపినాడు. ఫిబ్రవరి 26న గిల్రే జవాబు వెలువడినది. బల్ల మీద భూగోళం ఒక పిండివంటగా ఉన్నది. కుర్చీలో నిలువలేక పైకి లేస్తూ, పెద్ద కుచ్చుటోపీ పెట్టుకున్న పొట్టి నెపోలియన్ కత్తితో యూరపును కోస్తున్నాడు. శాంతివచనాల వెనుక ఉన్న ఆకలి చూచువారికి ఇట్టే అర్థమవుతుంది. ఎదుట కూర్చున్నవాడు బ్రిటిషు ప్రధాని పిట్. అతడు తొందరపడడు; త్రిశూలం వంటి ముల్లుగరిట గ్రుచ్చి సముద్రాలను నిదానంగా కోసుకుంటున్నాడు. రెండింటిలో పిట్ పళ్ళెంలోకి వస్తున్న ముక్కే పెద్దది.