ఉప్పెన, డ్రెయిన్, జనం అలవాట్లు

కృష్ణా డెల్టాలో ఉన్న మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. నేల దాదాపు చదును. వాన నీరు మురుగు కాలువల్లో మెల్లగా సాగుతుంది. సముద్రం పోటు మీద ఉంటే తీరం దగ్గరి డ్రెయిన్లలో ఆ కాస్త కదలికా ఆగిపోతుంది. ఇలాంటి చోట పట్టణ ప్రణాళిక గట్లు, తూములతో పూర్తి కాదు. వాటిని వాడే జనం ఎలా నడుచుకుంటారన్నదీ అందులో భాగమే.

1864 నవంబరు 1న బందరును (మచిలీపట్నాన్ని) ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన దాదాపు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అప్పటికే వాతావరణ హెచ్చరికలు ఉన్నా, కబురు అన్ని పల్లెలకూ సకాలంలో చేరలేదు. చేరినచోట తలదాచుకోవడానికి ఎత్తయిన గట్టి కట్టడాలు అరుదు. ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను కూడా అతి తీవ్రమైనదే. కానీ లక్షన్నర మందికి పైగా ముందే తరలించడంతో మృతులు వెయ్యి లోపే ఉన్నారు.

అయితే ఖాళీ చేయమనగానే అందరూ కదలరు. పాడిగేదెను కొట్టంలో, పడవనూ వలనూ ఒడ్డున వదిలి వెళ్లడానికి మనసొప్పదు. దీన్ని మొండితనమనడం అన్యాయం. కుటుంబం బతుకుతెరువంతా అదే. బంగ్లాదేశ్ తీరంలో పశువుల కోసం ఎత్తయిన మట్టి దిబ్బలు పోసింది ఇందుకే. షెల్టర్ పనికిరావడం కూడా జనం రోజువారీ వాడకం మీదే ఆధారపడుతుంది. రోజూ బడిగా నడిచే భవనానికి మరమ్మతు జరుగుతుంది, దాని దారి పసిపిల్లలకూ తెలుస్తుంది. తుఫాను రోజు కోసమే తాళం వేసి ఉంచినది పెచ్చులూడుతుంది.

పట్టణంలో జనం అలవాట్ల ప్రభావం వాన పడిన ప్రతిసారీ తేలుతుంది. చెత్తబండి వేళకు రాని వీధిలో సంచి డ్రెయిన్లోకి చేరుతుంది. ఇంటి ముందు డ్రెయిన్ మీద ర్యాంపు కోసం పోసిన సిమెంటు పలక కింద పూడిక తీయడం సాధ్యం కాదు. ఊరి బయట కాలువలో గుర్రపుడెక్క అల్లుకుంటే నీరు వెనక్కి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద విజయవాడను ముంచి, గుడివాడ దగ్గరి నందివాడ మండలంలోకీ వచ్చింది. నీటి దారిని మూసిన ఆక్రమణల ఫలితం ఒక్క ఊరితో ఆగదు.

హెచ్చరిక బోర్డులతో అలవాట్లు మారవు. మంచి పని సులువైతే మారతాయి. చెత్తబండి రోజూ ఒకే వేళకు రావాలి, ర్యాంపులకు ఎత్తి తీయగల పలకలే అనుమతించాలి, షెల్టర్ పక్కనే పశువులకూ ఎత్తయిన చోటుండాలి. పంట కాలువలు కట్టేసే వేసవి నెలల్లోనే, తొలకరికి ముందే, మున్సిపాలిటీలూ పంచాయతీలూ వీధివాసులతో కూర్చుని ఈ పనులు ముగించాలి.