పామూరు మాటలో కథ ఎవరు రాస్తారు?

పామూరు బస్టాండులో కాసేపు నిలబడితే చాలు, రకరకాల తెలుగు చెవిన పడుతుంది. ఉదయగిరి బస్సు కోసం చూసేవాళ్లది నెల్లూరు మాట. చంద్రశేఖరపురం మీదుగా కడప దిక్కుకు పోయేవాళ్ల నోట సీమ పలుకుంటుంది. కనిగిరి, ఒంగోలు వైపు పోయేవాళ్లది ఇంకో తీరు. దీని వెనక చరిత్ర ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి, ఒంగోలు వైపు ఊళ్లు గుంటూరు నుంచి వచ్చి చేరాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా ఒకటైంది గానీ మాట ఒకటి కాలేదు. కథలు రాసేవాళ్లకు అదే మేలు.

అయినా కొత్తగా కలం పట్టినవాళ్ల తొలి కథలు చూస్తే ఓ విచిత్రం కనిపిస్తుంది. కథానాయకుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతని భార్య టీవీ సీరియల్ తెలుగు మాట్లాడుతుంది. ఊరికి పేరుండదు, వీధికి గుర్తుండదు. రాసినవాళ్లు మాత్రం రోజూ బోరు నీళ్ల బిందెలు మోసే ఇంట్లోంచి వచ్చినవాళ్లే. తమ ఇల్లు కథకు పనికొస్తుందని ఎవరూ చెప్పకపోవడమే దీనికి కారణం. ఆ సంగతి ముందుగా కనిపెట్టినవాళ్లు పేరు తెచ్చుకున్నారు.

పామూరు నుంచి తూర్పున సముద్రం వైపు వెళితే కావలి వస్తుంది. ఒకప్పుడు రెండూ నెల్లూరు జిల్లాలోవే. ఆ కావలిలో పెరిగిన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' పుస్తకం 1999లో వచ్చింది. అందులో గొప్ప సంఘటనలేమీ లేవు. ఒక ముస్లిం కుటుంబం, అమ్మ, నాన్న, నాయనమ్మ, పండగపూట వంటలు, చేతిలో డబ్బులు లేని రోజులు, బడి ఎగ్గొట్టే పిల్లాడు. ఇంతే సరుకు. భాష అంతా ఆ ఇంటిదే, నెల్లూరు తెలుగులో ఉర్దూ కలిసిపోయి ఉంటుంది. తెలుగు ముస్లిం ఇళ్లలో ఏం తింటారో, ఏం పోట్లాడుకుంటారో, దేనికి నవ్వుకుంటారో అప్పటిదాకా పక్కింటివాళ్లకే సరిగా తెలియదు. ఆ పుస్తకం చదివిన చాలామంది, ఇవి మా ఇంటి కథల్లాగానే ఉన్నాయే అనుకున్నారు.

ఖదీర్‌బాబుకూ ఒక దారి ముందే పడి ఉంది. చిత్తూరు జిల్లా పల్లె మాటను, తన బాల్యాన్ని, తల్లిని ఏ మెరుగులూ దిద్దకుండా 'పచ్చనాకు సాక్షిగా', 'మిట్టూరోడి కథలు'లో పెట్టిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు వేసిన దారి అది. తెలుగులో ఎవరికి ఎవరు స్ఫూర్తి అని వెతికితే ఇలాంటి గొలుసులే దొరుకుతాయి. ఒకరు తన ఊరిని రాస్తే, అది చదివిన ఇంకొకరికి తన ఊరు గుర్తొస్తుంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. బాల్యం తరగని గని కాదు. ఖదీర్‌బాబు కూడా అక్కడే ఆగిపోలేదు. 'న్యూ బాంబే టైలర్స్' కథలో రెడీమేడ్ బట్టలొచ్చాక కుట్టుపనివాడి బతుకు ఏమైందో చూపించాడు. చిన్నప్పటి ముచ్చట్ల నుంచి మార్కెట్ దాకా రావాలంటే జ్ఞాపకం ఒక్కటే చాలదు, చుట్టూ జరుగుతున్నది కనిపెట్టి చూసే కన్ను కావాలి. ఆయన పత్రికా రచయిత కూడా కావడం అందుకు కలిసొచ్చి ఉంటుంది.

కడప జిల్లా వేంపల్లె నుంచి వచ్చిన వేంపల్లె షరీఫ్‌దీ ఇలాంటి దారే. 'జుమ్మా' కథల సంపుటికి ఆయన 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందుకున్నాడు. ఆ పేరున్న కథకు నేపథ్యం 2007 మే నెలలో ఒక శుక్రవారం హైదరాబాద్ మక్కా మసీదులో జరిగిన పేలుడు. ఆ వార్త అన్ని పత్రికల్లోనూ వచ్చింది. షరీఫ్ దాన్ని ఒక పల్లెటూరి తల్లి గుండెలోని భయంగా మార్చాడు. పేలుడు గురించి రాయాలంటే పేలుడు జరిగిన చోటే ఉండనక్కర్లేదని, ఆ వార్త విన్న ఇంట్లో ఉన్నా సరిపోతుందని ఈ కథ చదివితే అర్థమవుతుంది.

35 ఏళ్లు దాటనివాళ్లకు ఇచ్చే ఈ యువ పురస్కారం 2011లో మొదలైంది. 50 వేల రూపాయలు, ఒక తామ్ర ఫలకం ఇస్తారు. తెలుగులో మొదటి ఏడాదే అది కథలకు వచ్చింది. వేంపల్లి గంగాధర్ 'మొలకల పున్నమి' ఆ పుస్తకం. తర్వాత పసునూరి రవీందర్ 'అవుటాఫ్ కవరేజ్ ఏరియా', మానస ఎండ్లూరి 'మిళింద', రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కూడా కథల పుస్తకాలే. కవిత్వం రాజ్యమేలే తెలుగు యువ సాహిత్యంలో కథ తన వాటా తాను బాగానే దక్కించుకుంది.

వీళ్లలో రమేశ్ కార్తీక్ నాయక్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి మండలంలోని ఒక తండాలో 1997లో పుట్టాడు. ముందు 'బల్దేర్ బండి' అని కవిత్వం, తర్వాత 2021లో 'ఢావ్లో' కథలు, ఆ తర్వాత ఇంగ్లీషులో 'చక్‌మక్' అనే కవితా సంపుటి. 2024లో యువ పురస్కారం ప్రకటించేనాటికి వయసు 26. గోర్ బంజారాల తిండి, బట్టలు, దేవతలు, పెళ్లిళ్లు, అమ్మమ్మల మాటలు ఆ కథల్లో నేరుగా వచ్చి కూర్చుంటాయి. లంబాడీల గురించి తెలుగులో అంతకుముందు రాసినవాళ్లు లేకపోలేదు. వాళ్లలో ఎక్కువమంది తండా బయట నిలబడి చూసినవాళ్లు. రమేశ్ లోపలి నుంచి రాశాడు. అంతటితో ఊరుకోకుండా ఆచార్య సూర్యా ధనంజయ్‌తో కలిసి 'కేసులా' పేరుతో బంజారా కథల్ని ఒకచోట చేర్చాడు. తన కథ రాసుకోవడంతో పాటు తనవాళ్ల కథలు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి చూసుకోవడం పాతికేళ్ల కుర్రాడికి తట్టిందంటే మెచ్చుకోవాల్సిందే. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల అంచున తండాలున్నాయి, చెంచు గూడేలున్నాయి. ఆ పిల్లల చేతికి ఈ పుస్తకాలు అందాలి.

ప్రకాశం జిల్లా మాట కథల్లోకి రాలేదని కాదు. ఎండ్లూరి సుధాకర్ 1999లో తెచ్చిన 'మల్లెమొగ్గల గొడుగు' మాదిగ కథలు ఈ జిల్లా మాండలికంలోనే నడుస్తాయి. కవిగా పేరు మోసిన ఆయన, కథ దగ్గరికొచ్చేసరికి తాతముత్తాతల ఊరి మాటను వెతుక్కున్నాడు. పైన చెప్పిన మానస ఆయన కూతురే. తల్లి పుట్ల హేమలత కూడా రచయిత్రి, 'విహంగ' అంతర్జాల పత్రిక నడిపారు. అలాంటి ఇంట్లో పుట్టినా మానస తండ్రి కథలను మళ్లీ రాయలేదు. చదువుకున్న దళిత స్త్రీకి పట్నంలో ఎదురయ్యే మర్యాదస్తుల వివక్షను తన వస్తువు చేసుకుంది. వారసత్వంగా వచ్చింది పుస్తకాలు, చర్చలు, ఇంట్లో నలుగురూ రాస్తుండగా చూడటం. వస్తువు మాత్రం ఎవరిది వాళ్లు వెతుక్కోవాల్సిందే.

ఇక రాసే అలవాట్లు. ఇక్కడ అందరికీ సరిపోయే సూత్రం లేదు, ఉందని చెప్పేవాళ్లను నమ్మనక్కర్లేదు. దామలచెరువులో ఉపాధ్యాయుడిగా ఉన్న మధురాంతకం రాజారాం వందల కథలు రాశారు. బడి, పొలం, పక్కింటి తగాదా ఏదైనా ఆయన చేతిలో కథయ్యేది. శ్రీకాకుళం కాళీపట్నం రామారావు మాస్టారూ బడిపంతులే. ఆయన కథలన్నీ కలిపినా ఒక్క పుస్తకంలో ఇమిడిపోతాయి. మొదట్లో రాసినవి తనకే నచ్చక కొన్నేళ్లు రాయడం ఆపి చదువుకున్నారు. ఆ విరామం తర్వాత వచ్చినవే 'యజ్ఞం' లాంటి కథలు. 'యజ్ఞంతో తొమ్మిది' పుస్తకానికి 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. రోజూ రాయకపోతే రచయితవు కావని భయపెట్టేవాళ్లకు మాస్టారే జవాబు. బద్ధకానికి ఆయన పేరు అడ్డం పెట్టుకునేవాళ్లకూ ఒక జవాబుంది: ఆయన ఆపింది రాయడమే, చదవడం కాదు.

ఆర్.కె. నారాయణ్‌కు మైసూరు వీధుల్లో నడక అలవాటు. దారిలో కనిపించినవాళ్లందరితోనూ మాట్లాడుతూ తిరిగేవారు. మాల్గుడి జనం చాలామంది ఆ నడకలో దొరికినవాళ్లే. కెనడా రచయిత్రి ఆలిస్ మన్రోది ఇంకో కష్టం. చంటిపిల్లలు పగలు నిద్రపోయినప్పుడే ఆమెకు బల్ల దొరికేది. నవల రాసేంత తీరిక లేక కథలకే కట్టుబడింది. మొదటి పుస్తకం 1968లో, 37 ఏళ్ల వయసులో వచ్చింది. జీవితమంతా దాదాపు ఒకే ప్రాంతంలోని చిన్న ఊళ్ల గురించే రాసి 2013లో నోబెల్ బహుమతి అందుకుంది. పొద్దున పొలం, మధ్యాహ్నం కుట్టుమిషను, రాత్రి పిల్లల హోంవర్కు మధ్య కథ ఎప్పుడు రాయాలని అడిగే ఆడవాళ్లకు ఈ ఉదాహరణ బాగా పనికొస్తుంది.

ఇప్పటి కుర్రకారు కాగితం వాడటం తగ్గించారు. చాలామంది ఫోన్‌లోనే తెలుగు టైపు చేస్తారు, కొందరు మాట్లాడి రికార్డు చేసుకుని తర్వాత ఎక్కిస్తారు. ఈ రెండో పద్ధతిలో ఒక లాభముంది. నోటితో చెప్పినప్పుడు ఇంటి మాట దానంతటదే వస్తుంది. చేత్తో రాసేటప్పుడే పాఠ్యపుస్తకం అడ్డం తగులుతుంది. నష్టమూ ఉంది. ఫోన్‌లో రాసింది వెంటనే ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపిస్తుంది, పది నిమిషాల్లో యాభై చప్పట్లు పడతాయి, దిద్దే ఓపిక పోతుంది. కథను నాలుగు రోజులు పక్కన పెట్టి, తర్వాత ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించడం పాత అలవాటే అయినా దాన్ని మించింది లేదు. వినేవాళ్లు ఎక్కడ ఆవులించారో అక్కడ కొట్టేయొచ్చు.

రాసింది ఎక్కడికి పంపాలన్నది ఇంకో చిక్కు. కరోనా కాలంలో తెలుగు పత్రికలు వరసగా మూతపడ్డాయి. ఆంధ్రభూమి వారపత్రిక పోయింది, నవ్య పోయింది, కథలకు పెట్టింది పేరైన విపుల కూడా ఆగిపోయింది. మిగిలినవి దినపత్రికల ఆదివారం సంచికలు, కొన్ని మాసపత్రికలు, సంక్రాంతికీ ఉగాదికీ పెట్టే పోటీలు. మూతపడినవాటికి బదులుగా అంతర్జాల పత్రికలు పెరిగాయి. అన్వీక్షికి, ఛాయ వంటి ప్రచురణ సంస్థలు కొత్తవాళ్ల మొదటి పుస్తకాలు ధైర్యంగా వేస్తున్నాయి. 'హర్షణీయం' పాడ్‌కాస్ట్‌లో కథలతో పాటు రచయితల మాటలూ వినవచ్చు. పత్రిక దొరకడం తగ్గింది, ఫోన్‌లో పాఠకుడు దొరకడం తేలికైంది. కాకపోతే తప్పులు దిద్దే సంపాదకుడు మాయమయ్యాడు. కొత్త రచయితకు అసలు లోటు ఇదే.

మళ్లీ పాత ప్రకాశం జిల్లా పడమటి వైపుకు వద్దాం. దేశమంతటికీ పలకలు పంపిన ఊరు మార్కాపురం. ఎక్కడెక్కడి పిల్లలో 'అ ఆ'లు దిద్దిన పలకను గనిలో తవ్వి, కోసి, చెక్క చట్రం బిగించిన చేతుల కథలు ఎన్ని వచ్చాయి? కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఫ్లోరైడు నీళ్లు పళ్లను, ఎముకలను తినేశాయి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం 1996లో శంకుస్థాపన జరిగినప్పుడు పుట్టిన పిల్లలు ఇవాళ పెళ్లిళ్లు చేసుకున్నారు. పంట లేని ఏడాది ఇళ్లకు తాళాలేసి హైదరాబాద్‌కో బెంగళూరుకో పనులకు పోయే కుటుంబాలున్నాయి. నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం కోసం పొలం ఇచ్చినవాళ్లున్నారు. ఒక్కోటీ ఒక్కో కథల పుస్తకానికి సరిపడే వస్తువు.

ఇది సాధ్యమేనని పొరుగువాళ్లు చేసి చూపించారు. గిద్దలూరుకు ఆనుకునే ఉన్న కడప జిల్లా కలసపాడు ప్రాంతం నుంచి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి అనే ఉపాధ్యాయుడు, కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల మీద 'కొండపొలం' నవల రాశాడు. 2021లో అది సినిమా కూడా అయింది. అంతకు చాలా ముందు, కనిగిరిలో పుట్టి, బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ పార్టీలో పనిచేసిన దరిశి చెంచయ్య 'నేనూ నా దేశం' పేరుతో ఆత్మకథ రాశాడు. తెలుగు ఆత్మకథల్లో దానికి ప్రత్యేక స్థానముంది. రాయడం ఈ నేలకు కొత్తేమీ కాదు.

కొత్తగా రాయాలనుకునేవాళ్లు ముందు చదవాల్సినవి చేతికందే దూరంలోనే ఉన్నాయి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం వేల తెలుగు కథలను స్కాన్ చేసి తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. కథాసాహితి 1990 నుంచి ఏటా ఆ ఏడాది మంచి కథల్ని ఏరి 'కథ' పేరుతో పుస్తకం వేస్తోంది. వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' చదివితే కథ ఎలా కట్టుకోవాలో తెలుస్తుంది. పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరుల్లోని తెలుగు ఉపాధ్యాయులు నెలకోసారైనా పిల్లల్ని గ్రంథాలయంలో కూర్చోబెట్టి, ఒక కథ చదివించి, మీ వీధి గురించి మీ మాటలోనే ఒక పేజీ రాయండని అడగాలి. రాసినదాన్ని ఎర్రసిరాతో గ్రాంథికంలోకి దిద్దకుండా ఉంటే ఇంకా మంచిది.