టేకల్‌లో కరెంటు కుక్కర్ కొనేముందు

పొద్దున బెంగళూరు వైపు వెళ్లే రైలు అందుకోవలసినవాళ్లు ఉన్న ఇంట్లో, టేకల్ అయినా బంగారపేట అయినా, వంట చీకటితోనే మొదలవుతుంది. రెండు పొయ్యిల గ్యాసు. ఒకదాని మీద పాలు, రెండోదాని మీద చారు. ఇక అన్నం ఎక్కడ పెట్టాలి? కరెంటు కుక్కర్ కావాలన్న ఆలోచన ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. రాగిముద్ద తిని బతికిన సీమ ఇది. పెద్దవాళ్ల చిన్నప్పుడు బువ్వ అంటే పండగకో, చుట్టాలొస్తేనో. కర్ణాటకలో 2013లో అన్నభాగ్య పథకం మొదలయ్యాక రేషను బియ్యానికి లోటు లేకపోయింది. అన్నం రోజూ వండాల్సిన పనైంది.

ముందే చెప్పేస్తాను: డబ్బు మిగులుతుందని మాత్రం కొనకండి. 700 వాట్ల కుక్కర్ అరగంట నడిస్తే యూనిట్‌లో మూడో వంతు పైచిలుకు కాలుతుంది. యూనిట్ ఆరు రూపాయల లెక్కన రెండు రూపాయలు. విజిల్ కుక్కర్‌లో గ్యాసు ఖర్చూ ఇంచుమించు అంతే. గృహజ్యోతి ఉంది కదా, కరెంటు ఉచితం కదా అంటారు. 2023లో వచ్చిన ఆ పథకంలో 200 యూనిట్ల దాకా అందరికీ ఉచితమని చాలామంది అనుకుంటారు గానీ, ఎవరి పరిమితి వాళ్లదే: అంతకుముందు ఏడాది మీ ఇంటి నెలసరి వాడకం, దానిమీద పది శాతం. 48 యూనిట్లలోపు వాడేవాళ్లకు మాత్రం తర్వాత ఆ పది శాతాన్ని పది యూనిట్లుగా మార్చారు. 60 యూనిట్ల ఇంటికి 66 దాకా బిల్లు రాదు. పూటకు అరగంట చొప్పున రోజుకు ఒకసారి వండినా కుక్కర్ నెలకు పది యూనిట్లు తింటుంది. అంటే 70. ఆ పైనున్న నాలుగింటికి డబ్బు కట్టాలి. పెద్ద భారమేమీ కాదు, కానీ లెక్క తెలిసి కొనడం మంచిది.

మరి ఎందుకు కొనాలి? పొయ్యి దగ్గర కాపలా తప్పుతుంది, అందుకు. ఆ కాపలా కాసేది కింద దాగిన బిళ్లంత అయస్కాంతం. ఖాళీ గిన్నెను బయటికి తీసి లోపల చూడండి: వేడెక్కే పళ్లెం మధ్యలో చిన్న గుండ్రటి ముక్క, వేలితో నొక్కితే స్ప్రింగులా దిగి మళ్లీ పైకి లేస్తుంది. మీరు మీట కిందికి నొక్కినప్పుడు ఆ ముక్క కింది అయస్కాంతం పైనున్న లోహపు బిళ్లను పట్టుకుంటుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపు అడుగు వేడి మరిగే నీటి వేడిని దాటదు. నీళ్లన్నీ బియ్యం పీల్చుకోగానే వేడి చరచరా ఎక్కుతుంది. సుమారు 103 డిగ్రీల దగ్గర ఆ బిళ్ల అయస్కాంతానికి అంటుకునే గుణాన్నే పోగొట్టుకుంటుంది. స్ప్రింగు తోసేస్తుంది, మీట టక్కుమని లేస్తుంది. అన్నం ఉడికిందో లేదో యంత్రానికి తెలియదు. నీళ్లు అయిపోయాయని మాత్రమే తెలుసు. అందుకే నీళ్ల కొలత తప్పితే ఎంత ఖరీదైన కుక్కరైనా చేసేదేమీ లేదు.

ఈ మీట ఆలోచనకు ముందు జపాన్‌లో చాలామంది తంటాలు పడ్డారు. 1955 డిసెంబరులో తోషిబా కంపెనీ అమ్మిన మొదటి ఆటోమేటిక్ కుక్కర్‌ను తయారుచేసింది మినామి యోషితాద. రకరకాల బియ్యం పోసి, రకరకాల వాతావరణంలో వండి చూసే పని మాత్రం ఆయన భార్య ఫుమికోది. అందులో గిన్నెకు బయట ఇంకో గిన్నె, దాంట్లో కొంచెం నీళ్లు. ఆ బయటి నీళ్లు ఇగిరిపోవడానికి పట్టే ఇరవై నిమిషాలే గడియారం.

మన పల్లెలకు ఈ చవక మీటే మేలంటాను. కరెంటు పోయినా ఆ అయస్కాంతం పట్టు వదలదు, ఎందుకంటే అది కరెంటుతో పనిచేసేది కాదు. పావుగంట తర్వాత కరెంటు వస్తే వంట ఆగినచోటు నుంచే సాగుతుంది. బటన్లూ అంకెలూ ఉన్న డిజిటల్ రకాల్లో కొన్ని మళ్లీ మొదటికొస్తాయి. కోలార్ గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు ఇచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది మరో మూడేళ్లకు. అంత పాత చరిత్ర ఉన్నా పల్లెలో మోటర్లన్నీ తిరిగే వేళ వోల్టేజీ పడిపోవడం మామూలే. 230 ఉండాల్సింది 180కి దిగితే 700 వాట్ల కుక్కర్ 430 వాట్ల పనే చేస్తుంది. అన్నం ఉడకడానికి అరగంటకు బదులు ముప్పావుగంట పైనే పడుతుంది, మెత్తబడుతుంది కూడా. కుక్కర్ చెడిపోలేదు, అంగడికి మోసుకెళ్లకండి.

అంగడిలో అడగాల్సినవి వేరు. డబ్బా మీద 1.8 లీటర్లని రాసి ఉంటుంది. ఒక కంపెనీ గిన్నె మొత్తం పట్టేది చెబుతుంది, ఇంకొకటి బియ్యం పట్టేది చెబుతుంది. కాబట్టి ‘పచ్చి బియ్యం ఎన్ని గ్రాములు పోయొచ్చు?’ అని అడగండి. నలుగురికి అర కేజీ పట్టేది చాలు. విడిగా ఇంకో గిన్నె దొరుకుతుందా అన్నది రెండో ప్రశ్న, నా దృష్టిలో అదే ముఖ్యం. ముందు పాడయ్యేది గిన్నే. ఉత్త అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు కలిపి నిలవ ఉంచితే గుంటలు పడతాయి. నాన్‌స్టిక్ అయితే స్టీలు గరిటకు పూత లేచిపోతుంది. ఐఎస్ఐ గుర్తు, మూడు పిన్నుల ప్లగ్గు చూసుకోవాలి. ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే ముందు అది పెట్టించండి, కుక్కర్ తర్వాత.

వండటంలో ఇక్కడి చిక్కు ఒకటుంది. మనం సముద్రమట్టానికి ఎనిమిది, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్నాం, నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత వదులుగా ఉండే ఈ కుక్కర్‌లో బియ్యానికి అందేదీ అంతే. అరగంట నానబెడితే ఆ లోటు తీరిపోతుంది. పాత సోనామసూరికి గ్లాసుకు రెండు, లావు రేషను బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లతో మొదలుపెట్టి, మీ బియ్యాన్ని బట్టి సవరించుకోండి. మూడుసార్లు కడిగితే గంజి పొంగి మూత చుట్టూ కారదు. మీట లేచాక పది నిమిషాలు మూత తీయకండి. కందిపప్పు ఇందులో ప్రయత్నించకండి. ఈ ఎత్తులో, మన బోరు నీళ్ల ఉప్పదనంలో అది ఉడకదు, విజిల్ కుక్కరే దానికి గతి.

గిన్నె పెట్టేముందు దాని అడుగు పొడిబట్టతో తుడవండి. పళ్లెం మీద ఒక్క మెతుకు ఎండి అంటుకున్నా గిన్నె ఒకవైపు లేచి కూర్చుంటుంది. అప్పుడు ఒకపక్క మాడుతుంది, ఒకపక్క పలుకవుతుంది. గిన్నెలో తెల్లటి ఉప్పు పొర కడితే నిమ్మచెక్కతో రుద్దండి, పోతుంది.

ముద్ద సంగతి చాలామంది అడుగుతారు. నూకలు మెత్తగా ఉడికించడం దాకా కుక్కర్ చేస్తుంది. రాగిపిండి పోశాక కాదు. చిక్కబడిన పిండి అడుగున కదలదు, వేడి అక్కడే నిలిచి మీట తొందరపడి లేచిపోతుంది. పైగా తెడ్డుతో గట్టిగా కెలికితే గిన్నె గిర్రున తిరుగుతుంది, పూత పోతుంది. నూకలు ఉడికాక పాత గుండిగలోకి వంచుకుని పొయ్యి మీదే గెలకండి.

మిగిలిన అన్నాన్ని ‘వార్మ్’లో రాత్రంతా ఉంచొద్దు. అడుగు పసుపెక్కి ఎండుతుంది. నడిరాత్రి కరెంటు పోతే అన్నం గోరువెచ్చగా నిలిచి, దాంట్లో విషపు సూక్ష్మజీవులు పెరుగుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. పడుకునేముందు వేరే గిన్నెలోకి తీసి ఆరబెట్టి, ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టండి. లేదంటే అవ్వలు చేసినట్టు నీళ్లు, కాస్త మజ్జిగ పోసి మట్టికుండలో వేయండి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినడానికి.