నానో సైన్స్: ఎలక్ట్రాన్ కదలకుండానే డేటా జర్నీ.. ఫోన్ వేడికి ఈ బుల్లి అలలు చెక్ పెడతాయా?

అరగంట వీడియో చూస్తే చాలు.. చేతిలో ఫోన్ వేడెక్కుతుంది. ఎండాకాలమైతే ఇక చెప్పనక్కర్లేదు. దీనికి ప్రధాన కారణం చిప్‌లో పరుగులు పెట్టే ఎలక్ట్రాన్లే. అవి దారిలోని పరమాణువులను కుదిపేస్తాయి. ఆ వణుకే మనకు తగిలే వేడి! అందుకే ఆ వణుకును అదుపు చేయడం ఎలా, అసలు ఎలక్ట్రాన్లను కదిలించకుండా పని కానిచ్చే దారి ఉందా అని శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. ఈ వెతుకులాటలో కీలకం నానో తీగలు, నానో ట్యూబులు.

ఏంటీ ఫోనాన్?

తిరుమల క్యూలైన్‌లో వెనుక నుంచి ఒకరు తోస్తే ఆ కుదుపు ముందుదాకా పాకుతుంది. మనుషులు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటారు. పరమాణువుల వరసలోనూ ఇంతే. అలా పాకే వణుకు అలల్లో ఒక్కో చిన్న మోతాదును ‘ఫోనాన్’ అంటారు. నానో తీగ మందం మన తల వెంట్రుకలో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ కూడా ఉంటుంది. కాబట్టి అల పక్కలకు పోలేదు.. వెళ్తే ముందుకు, లేదంటే వెనక్కి!

ట్యూబ్ కూడా ఊపిరి పీల్చుతుంది!

1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా కార్బన్ నానోట్యూబుల గురించి ప్రకటించాక వీటిపై పరిశోధన ఊపందుకుంది. ఈ ట్యూబ్ ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బుతూ, ముడుచుకుంటూ ఉంటుంది. నానోమీటరు వ్యాసం ఉన్న ట్యూబ్‌లో ఇది సెకనుకు సుమారు 7 లక్షల కోట్ల సార్లు జరుగుతుంది. ట్యూబ్ ఎంత సన్నగా ఉంటే వేగం అంత ఎక్కువ. దీన్ని పట్టించేది 1928లో సీవీ రామన్ కనిపెట్టిన రామన్ ఎఫెక్టే. విశాఖలో చదువుకుని మెట్రిక్ పాసైన ఆ కుర్రాడి ఆవిష్కరణతోనే ఇప్పుడు ల్యాబుల్లో ట్యూబ్ వ్యాసం లెక్కగడుతున్నారు.

ఇక వేడి సంగతి. మంచి నానోట్యూబ్ రాగి కన్నా ఎన్నో రెట్లు బాగా వేడిని మోసుకెళ్తుంది. అదే సిలికాన్ నానో తీగ ఉపరితలాన్ని గరుకుగా చేస్తే.. ఫోనాన్లు చెల్లాచెదురై వేడి ప్రవాహం దాదాపు 100 రెట్లు పడిపోయిందని 2008లో తేలింది. వృథా వేడి నుంచి కరెంటు తీయడానికి ఇలాంటి తీగలే కావాలి.

మరి మాగ్నాన్?

అయస్కాంత పదార్థంలో ఒక్కో పరమాణువు చిన్న దిక్సూచి ముల్లు లాంటిది. ఒక ముల్లును కదిపితే పక్కది, దాని పక్కది వరసగా ఊగుతాయి. 1930లో ఫెలిక్స్ బ్లాక్ లెక్కగట్టిన ఈ అలల మోతాదే ‘మాగ్నాన్’. ఇక్కడే ఉంది అసలు ట్విస్ట్. సమాచారం ముందుకు వెళ్తుంది.. ఎలక్ట్రాన్లు మాత్రం ప్రవహించవు! అంటే తీగలో కరెంటు పారడం వల్ల పుట్టే వేడి ఉండదు. 2020 నాటికే 50 నానోమీటర్ల వెడల్పున్న దారిలో ఈ అలలను పంపి చూశారు.

చిక్కు ఎక్కడంటే..

మాగ్నాన్ అల ఎక్కువ దూరం వెళ్లకుండానే నీరసిస్తుంది. దాని శక్తిని కాజేసే వాటిలో ఫోనాన్లు కూడా ఉన్నాయి. పైగా అలను పుట్టించడానికి, అవతలి చివర పట్టుకోవడానికి ఇప్పటికైతే కరెంటు తప్పదు. ఆ ఖర్చు ఎక్కువైతే దారిలో మిగిలిందంతా అక్కడే పోతుంది. అందుకే వచ్చే ఏడాది ఫోన్‌లోనే ఈ టెక్నాలజీ చూస్తామనుకుంటే తొందరపాటే. ఈ రెండు అలల మధ్య లావాదేవీ పూర్తిగా అర్థమైతేనే చల్లటి చిప్‌కు దారి దొరుకుతుంది.